సాహిత్ తీగల

సాహిత్ తీగల (జననం: 4 డిసెంబరు 1997) పీజీఏ టూర్‌లో ఆడే అమెరికన్ గోల్ఫర్. హైదరాబాద్ నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబంలో పుట్టి, కాలిఫోర్నియాలోని చినో హిల్స్‌లో పెరిగాడు. వెన్నెముక వంపు ఉన్నా, దాన్ని తన స్వింగ్‌లో కలిపేసుకున్నాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఉండగా 2020లో కళాశాల గోల్ఫర్లకు ఇచ్చే హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ పురస్కారాలు మూడూ అందుకున్నాడు.

అతనికి మొదట పేరు తెచ్చినవి ఓటములే. 2022 ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు 17వ హోల్ దగ్గర బంతి నీళ్లలో పడి, గెలుపు చేజారింది. అదే ఏడాది ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్‌లో ఒక స్ట్రోక్ ఆధిక్యంతో చివరి హోల్‌కు వచ్చి, బంకర్‌లో చిక్కుకుని డబుల్ బోగీ చేశాడు. టైటిల్ జాండర్ షాఫ్లీకి దక్కింది. 2023 మాస్టర్స్‌లో మొదటిసారి ఆడుతూనే మొదటి పదిమందిలో నిలిచాడు. ఆ సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌ను పార్‌కు 21 తక్కువ స్కోరుతో గెలిచాడు. టూర్‌లో అది తొలి విజయం.

విజయాలకన్నా అతని స్వభావాన్ని బాగా పట్టిచ్చేది 2024 టూర్ ఛాంపియన్‌షిప్. మూడో రౌండ్‌లో బంకర్ నుంచి కొట్టేముందు క్లబ్ ఇసుకకు తగిలిందనిపించి, తనంతట తానే చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం. రెండో స్థానంలోని కాలిన్ మొరికావాతో తేడా సరిగ్గా ఆ రెండు స్ట్రోకులే. అదే ఏడాది ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు.