బండెక్కిన చేతికర్ర

మోకాళ్లు అరిగిన పెద్దాయన మనవడి బైకు వెనక ఎలాగో ఎక్కి కూర్చుంటారు. చిక్కంతా చేతికర్రతోనే. మూడడుగుల కర్రను అడ్డంగా పట్టుకుంటే పక్కన పోయే ఆటోకి తగులుతుంది. నిలువుగా పట్టుకుంటే తను పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. హ్యాండిల్‌కి తగిలిస్తే బండి తిరగదు. చివరికి కర్రే మడతపడి ఈ చిక్కు విప్పింది. ఆ మడత వెనక రెండు పాత ఆవిష్కరణలున్నాయి.

మొదటిది అల్యూమినియం. 1850లలో అది వెండికన్నా ప్రియం. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే కరెంటుతో ఆ లోహాన్ని చవగ్గా విడదీసే దారి కనిపెట్టారు. చిత్రంగా ఇద్దరూ 1863లోనే పుట్టారు, 1914లోనే పోయారు. ధర దిగింది కానీ, శుద్ధ అల్యూమినియం మెత్తన. మనిషి బరువు మోపితే వంగిపోతుంది. 1906 ప్రాంతంలో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ దానికి కాస్త రాగి, మెగ్నీషియం కలిపి, కాల్చి, చల్లార్చి చూశాడు. అప్పటికి పెద్దగా ఫలితం లేదు. రెండు రోజులాగి మళ్లీ పరీక్షిస్తే, దానంతటదే గట్టిపడి ఉంది! అలా గట్టిపడే మిశ్రలోహాలే విమానాలకూ, ఊతకర్రల సన్నటి గొట్టాలకూ పనికొచ్చాయి. వాటి బరువు ఉక్కులో మూడోవంతు.

రెండోది సాగే రబ్బరు. 1820లో లండన్‌లో థామస్ హాంకాక్ చేతి తొడుగుల్లాంటివి బిగుతుగా నిలిచేలా రబ్బరు పట్టీలు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ రబ్బరు చలికి బిరుసెక్కేది, ఎండకు జిగటబారేది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేసి దాన్ని దారికి తెచ్చాడు. 1844లో పేటెంటు పొందాడు. బైకు టైరు కూడా ఆ పద్ధతి చలవే.

ఈ రెండూ కలిస్తే మడత కర్ర. నాలుగు గొట్టాలు, ఒకదాని కొస ఇంకోదానిలో దూరేలా ఉంటాయి. లోపల ఈ చివరి నుంచి ఆ చివరికి ఎలాస్టిక్ తాడు. లాగి విడదీస్తే మడతపడుతుంది, వదిలితే తాడే ముక్కలను దగ్గరికి లాగి కర్రను నిలబెడుతుంది. చూపులేనివారి తెల్లకర్రల్లోనూ చాలావాటికి ఇదే ఏర్పాటు. మన మూడడుగుల చేతికర్ర మడిస్తే జానెడున్నరకు మించదు.

మరి బండి మీద దాని చోటెక్కడ? స్కూటరైతే సీటు కింది డిక్కీ, బైకైతే భుజాన సంచి. సైలెన్సర్ పక్కన కట్టకండి, కర్ర కొసనున్న రబ్బరు తొడుగు వేడికి పాడవుతుంది. చీర గార్డులోనూ దోపకండి. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా నిబంధనల ప్రకారం పెట్టిన అడ్డు అది, దాన్ని సామాన్ల స్టాండు చేయకూడదు.

దిగాక, బరువు మోపేముందు అతుకులన్నీ పూర్తిగా బిగుసుకున్నాయో లేదో చూసుకోండి. లోపలి తాడు సాగి వదులైతే దాన్ని మార్పించండి, లేదా కొత్త కర్ర కొనండి.