బస్తర్ అడవి నుంచి అంతరిక్షం దాకా

అంతరిక్ష రక్షణ అనగానే అదేదో అమెరికా సినిమా వ్యవహారమని మనలో చాలామంది తీసిపారేస్తుంటారు. దక్షిణ బస్తర్‌లో ఉద్యోగం చేసినవాళ్ళు మాత్రం అలా అనరు. శబరి ఒడ్డున కుంట దాకా తెలుగు వినిపించే సీమ అది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు అక్కడికి వెళ్ళి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకునేది. అంటే మనకు పాత చుట్టరికమే.

నేను సిగ్నల్స్ మనిషిని. కొన్నేళ్ళు అక్కడే పనిచేశాను. సెల్ టవర్ లేని క్యాంపుల్లో జవాను ఇంటికి ఫోన్ చేయాలంటే డీఎస్పీటీ అనే శాటిలైట్ ఫోనే దిక్కు. నిమిషానికి 5 రూపాయలున్న చార్జీని 2017 దీపావళికి 1 రూపాయి చేశారు. అప్పట్నుంచి ఫోన్ దగ్గర లైను పెరిగింది! హెచ్‌ఎఫ్ సెట్ మొరాయించిన రోజున గాయపడ్డవాడి కబురు పైకి చేరాలన్నా ఉపగ్రహమే ఆధారం.

మరి ఆ ఉపగ్రహాన్ని కాపాడేదెవరు? ఇక్కడే ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది.

అమెరికా 1982లో వైమానిక దళంలోనే స్పేస్ కమాండ్ పెట్టింది. 1991 గల్ఫ్ యుద్ధంలో గుర్తుల్లేని ఎడారిలో జీపీఎస్ దారి చూపింది. చివరికి 2019 డిసెంబరు 20న స్పేస్ ఫోర్స్ పేరుతో వేరే దళమే పుట్టింది. రష్యా 1992లో అంతరిక్ష దళాన్ని విడిగా పెట్టి, 1997లో క్షిపణి దళంలో కలిపి, 2001లో మళ్ళీ విడదీసి, 2015లో వైమానిక దళంతో జోడించింది. చైనా 2015 ఆఖర్న అంతరిక్షాన్నీ సైబర్‌నీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, 2024 ఏప్రిల్లో ఆ గొడుగు ముడిచేసింది. ఫ్రాన్సు 2020లో తన వైమానిక దళం పేరులోనే అంతరిక్షాన్ని చేర్చుకుంది. చెప్పొచ్చేదేమంటే, సరైన పద్ధతి ఇదీ అని ఎవరికీ ఇంకా తేలలేదు.

మన కథ కార్గిల్‌తో మలుపు తిరిగింది. 2001 అక్టోబరులో శ్రీహరికోట నుంచి టెస్ అనే నిఘా ఉపగ్రహం వెళ్ళింది. 2007 జనవరిలో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్నే క్షిపణితో పేల్చింది. మరుసటేడే మన రక్షణ మంత్రి ఆంటోనీగారు ఇంటిగ్రేటెడ్ స్పేస్ సెల్ ప్రకటించారు. 2013లో నౌకాదళానికి జీశాట్-7, 2018లో వైమానిక దళానికి జీశాట్-7ఏ వచ్చాయి. 2019 మార్చి 27న మిషన్ శక్తిలో, దాదాపు 280 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న మన ఉపగ్రహాన్నే మన క్షిపణి కూల్చింది. అప్పటి డీఆర్‌డీవో అధిపతి మన నెల్లూరు జిల్లా సతీశ్ రెడ్డిగారు. ఆ ఏడాదే బెంగళూరులో డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీ ఏర్పడింది. ఇందులో మూడు దళాలవాళ్ళూ కలిసి పనిచేస్తారు.

కొత్త దళం పెట్టకుండా ఉమ్మడి ఏజెన్సీతో మొదలుపెట్టడం మంచిదే అంటాను. ఉపగ్రహం అందరికీ కావాల్సిందే కదా. కానీ ఒక చిక్కుంది. ఏజెన్సీ రక్షణ శాఖది. బస్తర్ అడవిలో నిలబడ్డ సీఆర్పీఎఫ్ జవాను హోం శాఖవాడు. సరిహద్దుల కాపలాకు అంతరిక్ష పరిజ్ఞానం వాడాలన్న నివేదికను హోం శాఖ 2019 జనవరిలో ఆమోదించింది. అది సరిహద్దు మాట. దేశం నడిబొడ్డున ఉన్న అడవి సంగతీ అంతే శ్రద్ధగా చూడాలి. శత్రువు ఉపగ్రహాన్ని జామ్ చేస్తే నువ్వే శాఖవాడివని అడగడు. అందరి ఫోన్లూ ఒక్కసారే మూగబోతాయి. అందుకే అలాంటి రోజున ఎవరికి ఏ లైను ముందు ఇవ్వాలో రెండు శాఖలూ ఇప్పుడే కూర్చుని రాసుకోవాలి, ఏడాదికోసారైనా కలిసి కసరత్తు చేయాలి.

ఈ విభాగాల్లో పనిచేసిన మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు. రహస్యాలు వదిలేసి, చెప్పదగ్గ అనుభవాలు వచ్చే సంచికకు రాయండి. కుర్రవాళ్ళకు పనికొస్తాయి.

జై హింద్!