కుడిచేతి దిక్కు

ధౌలా కువాన్ అంటే తెల్ల బావి. ఆ పేరులో దిక్కు లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1973లో మొదలుపెట్టిన సౌత్ క్యాంపస్‌ను 1984లో అక్కడికి తెచ్చాక దిక్కు కూడా వచ్చి చేరింది. ఎవరికి దక్షిణం? రిడ్జ్ పక్కనున్న పాత క్యాంపస్‌కు. ఊరు ఇంకా కిందికి, గురుగ్రామ్ దాకా పాకినా ఆ పేరు మారలేదు. దక్షిణమన్న మాట ఆ చోటు గురించి చెప్పేదానికంటే, చూసేవాడు ఎటు తిరిగి నిలబడ్డాడో ఎక్కువ చెబుతుంది. మాట పుట్టుకే అలాంటిది. సంస్కృతంలో దక్షిణానికి ఒక పాత అర్థం కుడి. పొద్దు పొడిచేవైపు తిరిగి నిలబడితే ముందున్నది పూర్వం, వీపు వెనక పశ్చిమం, కుడిచేతి పక్క దక్షిణం. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాడు దేవుణ్ణి ఎప్పుడూ కుడిపక్కనే ఉంచుకుంటాడు. ఆ అర్థం అక్కడ ఇంకా బతికే ఉంది. లాటిన్ 'డెక్స్‌టర్' ఈ మాటకు చుట్టమే. అరబ్బులూ తూర్పుకే తిరిగారు: యమన్ వాళ్లకు కుడిపక్క దేశం, షామ్ (సిరియా ప్రాంతం) ఎడమపక్కది. ఉత్తరాన్ని మాత్రం మనవాళ్లు ఎడమ అనక పైది అన్నారు. హిమాలయాలు అటే ఉన్నాయి మరి.

సూర్యుడు అందరికీ తూర్పునే పొడుస్తాడు, దక్షిణం ఎక్కడైనా దక్షిణమేగా అనవచ్చు. దిక్కుగా ఉన్నంతసేపు అది నిజమే. మనుషులకు పేరైతే ఆ నిలకడ పోతుంది. తెలుగువాళ్లనే చూడండి. తెనుగు అన్న మాటకు ద్రావిడంలో దక్షిణాన్ని చెప్పే 'తెన్' మూలమని కొందరు భాషావేత్తలు అంటారు. 'త్రిలింగం' నుంచి తెలుగు వచ్చిందనే కథ కంటే నాకు ఇదే నమ్మదగినదిగా తోస్తుంది. ఆ తెలుగువాళ్లనే తమిళులు వడుగర్, అంటే ఉత్తరాదివాళ్లు అన్నారు. ఇవన్నీ పైవాళ్లు తగిలించిన ముద్రలే అందామంటే నానేఘాట్ శాసనం అడ్డొస్తుంది. అందులో శాతవాహన శాతకర్ణి దక్షిణాపథపతి. అది ఆయన సొంత వంశం చెక్కించుకున్న బిరుదు. దక్షిణమన్న మాటే ప్రాకృతంలో దక్ఖిణమై, దక్కన్‌గా మారి, హైదరాబాద్ దఖ్నీ భాషకు పేరైంది. ఆ పేరు చెప్పుకోడానికి అక్కడెవరూ నామోషీ పడరు. అంటే ఎవరి చూపులోంచో పుట్టిన మాటను ఇక్కడివాళ్లు సొంతం చేసుకుని వాడుకున్నారు.

ధౌలా కువాన్‌లో ఇది కళ్లెదుటే కనిపిస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం అక్కడ నడిపే శ్రీ వేంకటేశ్వర కళాశాల 1961 నాటిది. అంటే సౌత్ క్యాంపస్ అన్న పేరు పుట్టడానికి పన్నెండేళ్ల ముందే దక్షిణాది అక్కడ కాపురం పెట్టింది. 2018 మార్చి 14న తెరిచిన పింక్ లైన్ స్టేషన్ బోర్డు మీద ముందు రాజమండ్రిలో పుట్టిన ఆడపడుచు పేరు, తర్వాతే దిక్కు ఉంటాయి: దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్.