కళుగుమలై తెలుగిండ్ల ఒబ్బట్టు

కోస్తా జిల్లాలలో బొబ్బట్టు, రాయలసీమలో ఓళిగ, తెలంగాణమున బక్ష్యము లేక పోలె. ఒక్క పిండివంటకు ఇన్ని పేర్లు గలవు. దక్షిణమున నల్లరేగడి నేలపై, కళుగుమలై కోవిల్పట్టి ప్రాంతమున మా యింటి పెద్దలు దీనిని ఒబ్బట్టు అనిరి. వీథిలోని అరవమువారు పోళి యందురు. మా మనుమలు ఒప్పిట్టు అనుచున్నారు. మేము గుమాస్తాపనిలో తలనెరసినవారము. ఒక పేరు ఒక రిజిస్టరునుండి మరియొక రిజిస్టరునకు ఎక్కునపుడు ఎట్లు మారునో ఎఱుగుదుము. కనుక మా యింట బకారము పకారమైన వృత్తాంతమును, దానితోపాటు ఆ వంట విధమును వ్రాయదలచితిమి. వంటను గూర్చి పురుషుడు వ్రాయుటేమని నవ్వువారు నవ్వవచ్చును. పెనము ప్రక్కన పీట వేసికొని అరువది యేండ్లు తినినవానికి ఆ మాత్రపు అధికారము కలదని మా నమ్మిక.

ఈ భక్ష్యము ప్రాచీనమైనది. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచింపించిన మానసోల్లాసమున అన్నభోగమను ప్రకరణము కలదు. అందు గోధుమపిండితో చేయు మండకములును పోలికలును పేర్కొనబడినవి. ఆ మండకమే పాత తెలుగు కావ్యములలోని మండెగ. పోలిక యను మాట నేటి పోలె, పోళీ, ఓళిగలకు దగ్గఱి చుట్టమని వేఱుగ చెప్పనక్కరలేదు. తెలుగు, కన్నడ, మరాఠీ భాషలవారు మువ్వురును ఇది మాదనిన మాదని వాదులాడుకొందురు. ఆ తగవు తీర్చుట మా పని కాదు.

ఇది ఈ నేలకు ఎట్లు వచ్చెను? 16వ శతాబ్దిలో విజయనగర ప్రభువుల పక్షమున విశ్వనాథ నాయకుడు మధురను ఏలనారంభించిన పిమ్మట పాళెములు ఏర్పడుటయు, తెలుగు కుటుంబములు తండోపతండములుగ దక్షిణమునకు దిగుటయు చరిత్రప్రసిద్ధము. ఆ వలసల జ్ఞాపకమును అరవమున కథగా వ్రాసినవారు కోవిల్పట్టి చెంత ఇడైసెవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్‌గారు. ఇంట తెలుగు మాటలాడిన ఆ మహనీయుడు 1976లో గోపల్ల గ్రామమను నవలను ప్రకటించి, 2021లో కీర్తిశేషులైరి. వానకై ఎదురుచూచు ఈ కరిసల్ భూమిలో పండునవి సజ్జలు, జొన్నలు, ప్రత్తి, మిరప, అపరాలు. గోధుమ యిచ్చట పండదు. అయినను గోధుమ పైపొర గల వంటనే మావారు పట్టి విడువరైరి. మా అవ్వ కొనితెచ్చిన గోధుమలను తడిపి ఆరబెట్టి, తిరుగలిలో విసరి, పలుచని బట్టతో జల్లించి, ఉగాదికి వారముదినముల ముందే పిండి సిద్ధపఱచెడిది. మైదా అంగళ్లలో సులభముగా దొరకిన తరువాత ఆ శ్రమ తీరినది.

పాలపూర్ణపు ఒబ్బట్టు మాత్రము ఈ ప్రాంతపు చేర్పని మా అభిప్రాయము. కళుగుమలైకి ఉత్తరముగా శ్రీవిల్లిపుత్తూరు కలదు. అచ్చటి పాలకోవా నేడు భౌగోళిక గుర్తింపు పొందిన సరకు. తెలుగువారికి ఆ యూరు కోవావలన కాదు, ఆముక్తమాల్యదవలన పరిచితము. కృష్ణదేవరాయలు ఆ కావ్యమున శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు ఏ ఋతువున అతిథులకు ఏమి వడ్డించెనో వర్ణించెను. జడివాన దినములలో వంటచేయు భార్య కన్నులకు పొగ తగులకుండుటకై కొబ్బరిచిప్పలతో పొయ్యి మండించుట అందున్నది. మహారాజు పొయ్యిలోని పొగను గమనించెనా యని మేము చిన్ననాట ఆశ్చర్యపడితిమి. మా అమ్మయు కోవా కాచు దినమున చిప్పలనే కోరెడిది; ఆమెకు ఆముక్తమాల్యద పేరైనను తెలియదు.

ఇక చేయు విధము. మైదా పావుకిలో తీసికొని, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు చేర్చి, చపాతిపిండికంటె జారుగ తడిపి, మంచినూనెలో మునుగునట్లు రెండు గంటలు నాననీయవలెను. నానినకొలది పిండి సాగును. సాగని పిండితో పలుచని ఒబ్బట్టు రాదు. రెండు లీటర్ల పాలను అడుగంటకుండ కలియబెట్టుచు ఇగిర్పవలెను. పాలలో ఐదవవంతుకు కొంచెము ఇటునటుగ కోవా దిగును, గేదెపాలైన హెచ్చు. చివర చక్కెర వేయవలెను. మరుగుచున్న పాలలో బెల్లము పడిన విరుగునను భయము గలదు. కావున కోవాకు చక్కెర, పప్పునకు బెల్లము. ఒట్టి కోవా పెనముపై కరగి బయటికి పాఱును. దానిని పట్టియుంచుటకే శనగపప్పు. ఒక గుప్పెడు పప్పును వ్రేళ్ల నడుమ నలుగునంతవఱకే ఉడికించి, నీరు వార్చి, బెల్లముతో రుబ్బి, తడి ఆరువఱకు పొయ్యిమీద త్రిప్పి, చల్లారిన పిమ్మట ఏలకులపొడితో కోవాలో కలుపవలెను. వెన్నవలె మెత్తనై, ఉండ చేసిన నిలువవలెను.

నిమ్మకాయంత పిండిలో అంతకు కొంచెము పెద్దదగు పూర్ణపుటుండను మూసి, నూనె రాచిన అరటియాకుపై వ్రేళ్లతో తట్టవలెను. అప్పడాలకఱ్ఱ వాడుట మా అమ్మకు సమ్మతము కాదు. పూర్ణము అంచువఱకు పోవుట కఱ్ఱకు తెలియదు, వ్రేలికి తెలియునని ఆమె వాదము. ఆకుతోనే పెనముపై బోర్లించి, ఆకు వేడికి వదలగనే మెల్లగ తీసివేసి, రెండువైపులను నేతితో కాల్చవలెను. పొయ్యి సన్నగిల్లిన ఒబ్బట్టు గట్టిపడును, పెరిగిన పైపొర మాడి లోపల పచ్చిగనుండును. ఉగాదికి ఒట్టి పప్పు ఒబ్బట్టు. కొండ దిగువనున్న మురుగన్‌కు పంగుని ఉత్తిరపు తిరునాళ్లు జరుగునపుడు చుట్టములు వచ్చిన, ఈ పాల ఒబ్బట్టు.

ఇక పుస్తకపు కథ. మా గృహిణి పెండ్లియైన క్రొత్తలో అత్తగారు చెప్పిన వంటలన్నియు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనెను. మాట తెలుగు, లిపి అరవము. ఆమె బడిలో నేర్చినది అదియొక్కటే. అరవలిపిలో బకారమునకు వేఱు అక్షరము లేదు, పకారమే రెంటికిని పని చేయును. ఒత్తి వ్రాసిన స్పష్టముగ పకారమే పలుకును. కావున ఒబ్బట్టు కాగితముపై ఒప్పట్టాయెను. చదివిన పిల్లల నోట ఒప్పిట్టాయెను. బెల్లము పెల్లమైనది. మా మనుమరాలు దానిని పెళ్లామని చదివి, అరకిలో పెళ్లామును ఎచ్చట కొందునని అడిగి ఇంటిల్లిపాదిని నవ్వించినది. మేమును నవ్వితిమి, కాని మనసున ముల్లు గ్రుచ్చుకొనెను. కళుగుమలై కోవెలతో సంబంధముగల ఎట్టయపురము సంస్థానముననే 1904లో సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని, వేయి పుటలకు మించిన గ్రంథము, తెలుగులిపిలో అచ్చయినది. రాగములకు అక్షరము దొరకిన సీమలోనే బెల్లమునకు దొరకలేదు. తప్పు ఎవరిదనవలెను? మాకు తెలుగక్షరములు వచ్చును. ఆఫీసులో వేలకొలది పేర్లు ఎక్కించితిమి గాని, వంటయింటికి వచ్చి ఆ పుస్తకమున ఒక్క పంక్తి దిద్దలేదు.

మొన్నటి ఉగాదికి చెన్నపట్టణమున ఉద్యోగము చేయుచున్న ఆ మనుమరాలు పుస్తకపు పుటల ఛాయాచిత్రములు చూచి తానే ఒబ్బట్లు చేసి ఫోను చేసినది. "తాతా, ఒప్పిట్టు బాగా వచ్చింది" అనినది. మా గృహిణి చేతులు వణకుటచే ఇప్పుడు ఆకుమీద తట్టలేదు. ఆమె ఫోను అందుకొని, "అంచు చిట్లిందా?" అని అడిగెను. చిట్లలేదట. "పప్పు వార్చిన నీళ్లు చారుకు ఎత్తిపెట్టినావా?"

"పారపోసేసినా అవ్వా. పుస్తకంలో లేదే."

చూడగా నిజముగనే లేదు. పప్పునీటితో చారు కాచుట అందఱకు తెలిసినదే గదా యని అప్పుడు వ్రాయలేదట. ఆ సాయంకాలమే ఆ పుట అడుగున ఆమె చెప్పుచుండగా చారు విధమును తెలుగక్షరములతో వ్రాసి, మనుమరాలికై దాని క్రింద అరవమునను వ్రాసి, పైని ఒప్పట్టును కొట్టివేసి ఒబ్బట్టని దిద్దితిమి.