మదురైలో ఒక ఆదివారం: చదవడం రాని తెలుగువాడి కథ



పోయిన నెల మన సంఘం సమావేశంలో ఒక పిల్లవాడు లేచి, "తాతా, మనం ఈ దేశానికి ఎప్పుడొచ్చాం?" అని అడిగాడు. ముందు వరసలో కూర్చున్న నలుగురు పెద్దలు నాలుగు జవాబులు చెప్పారు. ఒకరు కృష్ణదేవరాయలన్నారు, ఇంకొకరు అంతకు ముందే అన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ ప్రశ్న మొదటిసారి నన్ను పట్టుకున్న రోజు గురించి చెప్పాలంటే మైకు ముందు రెండు నిమిషాలు చాలవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

1981లో నేను మదురై కామరాజర్ విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఎస్సీ.లో చేరాను. మాది కోయంబత్తూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతాను కానీ ఒక్క అక్షరం రాదు. మీలో చాలామంది సంగతి ఇదే కాబట్టి సిగ్గు లేకుండా రాస్తున్నాను. అప్పట్లో మాత్రం అందులో సిగ్గుపడాల్సింది ఉందని కూడా నాకు తెలియదు.

ఆ విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉండేది. అలా హాస్టల్లో ఇద్దరు ఆంధ్ర మిత్రులు దొరికారు. ఒకడిది గుంటూరు జిల్లా, ఒకడిది అనంతపురం. పేర్లు రాయను, వాళ్ళకి ఇష్టముంటుందో లేదో. వాళ్ళకి మదురై అచ్చంగా విదేశం. బస్సు మీద ఊరి పేరు చదవలేరు, హోటల్లో ఏమున్నాయో చదవలేరు, కండక్టరు అడిగింది అర్థం కాదు. నేనే వాళ్ళ కళ్ళు. మొదట్లో గుంటూరువాడు నా తెలుగు విని పడిపడి నవ్వేవాడు. నేను "అంగడి" అంటే వాడు "కొట్టు" అనేవాడు. నేను "ఎనుము" అంటే వాడికి నవ్వు ఆగేది కాదు, "గేదె అనరా బాబూ" అనేవాడు. అనంతపురంవాడు మాత్రం, "నవ్వద్దప్పా, మా జేజి ఇట్లే మాట్లాడతాది" అని నన్ను వెనకేసుకొచ్చాడు. నా మాట తప్పు కాదు, పాతది అంతే అని మొదట చెప్పినవాడు వాడే.

ఒక ఆదివారం ముగ్గురం ఊరు చూద్దామని బయల్దేరాం. పొద్దున్నే పెరియార్ బస్‌స్టాండులో దిగి గుడికి నడిచాం. మీనాక్షి గుడి గురించి మీకు నేను చెప్పేదేముంది! ఒక్కటే చెబుతాను. తూర్పు వైపు అమ్మవారి సన్నిధికి వెళ్ళే అష్టశక్తి మండపం కట్టించింది తిరుమల నాయకుడి రాణులు రుద్రపతి అమ్మ, తోళియమ్మ అంటారు. వేయికాళ్ళ మండపం అంతకంటే ముందుది, దళవాయి అరియనాథ ముదలియార్ కట్టించింది. ఆయన తమిళుడు. తెలుగు రాజుకి కుడిభుజం, ఈ సీమని 72 పాళయాలుగా పంచిన మనిషి. "మన రాజులు, మన రాజులు" అనేవాళ్ళు ఈ మనిషిని మరిచిపోతుంటారు. ఆయన లేకుండా ఆ రాజ్యం నిలిచేది కాదని నా నమ్మకం.

గుడి ఎదురుగా పుదుమండపం. తిరుమల నాయకుడు వసంతోత్సవం కోసం కట్టించింది. ఇప్పుడు అంగళ్ళన్నీ ఖాళీ చేయించారు గానీ, ఆ రోజుల్లో స్తంభానికీ స్తంభానికీ మధ్య కుట్టు మిషన్లు, గాజులు, కుంకుమ, ఇత్తడి సామాను, పాత పుస్తకాలు. చొక్కా ఇస్తే చూసి ఇంకోటి కుట్టి మధ్యాహ్నానికి చేతిలో పెట్టేవాళ్ళు. గుంటూరువాడు బేరం ఆడుతుంటే నేను తమిళంలో చెబుతున్నాను. ఇంతలో అనంతపురంవాడు మిషన్ వెనక స్తంభం మీద వేలాడుతున్న బట్టల తాను పక్కకి జరిపి, "ఒరేయ్, ఈయన ఎవరు?" అన్నాడు. చేతులు జోడించి నిలబడ్డ మనిషి, పక్కన రాణులు. నాయక రాజులు వరసగా నిలబడి ఉన్నారు, విశ్వనాథుడి నుంచి తిరుమలుడి దాకా. నేను మదురైలో ఉండి అప్పటికి నాలుగు నెలలు. ఆ మండపంలోనే రెండుసార్లు చొక్కా కుట్టించుకున్నాను. ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు.

అక్కడే వాడు నాకు చరిత్ర మొదలుపెట్టాడు. వాడికి అది పరీక్షలో వచ్చే పాఠం. నాగమ నాయకుడు మదురైని తన సొంతం చేసుకుంటే, రాయలవారి ఆజ్ఞ మీద కొడుకు విశ్వనాథుడే వచ్చి తండ్రిని ఓడించి బంధించాడని కథ ఉంది. కథ ఎంత నిజమో గానీ, 1529 నుంచి విశ్వనాథ నాయకుడి పాలన లెక్క కడతారు. 1736లో రాణి మీనాక్షి చందా సాహెబు చేతిలో మోసపోయి ప్రాణం తీసుకోవడంతో వంశం ముగిసింది. మొత్తం 207 ఏళ్ళు. మన ముత్తాతల ముత్తాతలు నల్లరేగడి నేలలకి, పాళయాలకి దిగింది ఎక్కువగా ఈ కాలంలోనే. అంతకు ముందూ వచ్చారు. 14వ శతాబ్దంలో విజయనగర కుమారుడు కంపన మదురై సుల్తానుల మీదికి వచ్చినప్పుడు సైన్యంతో కొందరు వచ్చారు. అంటే సమావేశంలో నాలుగు జవాబులు చెప్పిన పెద్దలు నలుగురూ తలా కాస్త నిజమే చెప్పారు. ఒకే రోజు ఒకే బండిలో ఎవరూ రాలేదు. సైనికుడు వచ్చాడు, రైతు వచ్చాడు, వ్యాపారి వచ్చాడు, కరువుకి పారిపోయినవాడూ వచ్చాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ గారి "గోపల్ల గ్రామం" చదివినవాళ్ళకి ఆ నడక తెలుసు. మన ఇళ్ళలో అవ్వలు చెప్పే కథే అది. ఆయన దాన్ని తమిళంలో రాయాల్సి వచ్చింది, అది వేరే సంగతి. కాదు, వేరే సంగతి కాదు, మళ్ళీ వస్తాను.

మహల్‌కి వెళ్ళేసరికి ఎండ ముదిరింది. 1636లో కట్టిన ఆ భవనంలో ఇప్పుడు మిగిలింది నాలుగో వంతేనంటారు. మిగతాది ఏమైంది? మనవడు చొక్కనాథ నాయకుడు రాజధాని తిరుచిరాపల్లికి మార్చి, ఇక్కడి రాళ్ళూ చెక్కలూ ఊడదీసి అక్కడికి మోయించాడు. గుంటూరువాడు ఆ స్తంభాల మధ్య నిలబడి, "తాత కట్టిన ఇల్లు మనవడు పీకాడా! మా ఊళ్ళోనూ ఇంతేరా" అన్నాడు. మిగిలినదాన్ని కాపాడింది మద్రాసు గవర్నరు నేపియర్ దొర, 1870 ప్రాంతంలో. 1970 దాకా జిల్లా కోర్టు అందులోనే నడిచింది. ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే, "బొంబాయి" సినిమాలో మనీషా కొయిరాలా పాట తీసింది ఆ స్తంభాల మధ్యనే.

ఇక్కడ ఒక మాట. మన సభల్లో తిరుమల నాయకుణ్ణి పొగడటం తప్ప ఇంకేమీ వినపడదు. ఆయన ఏ కులం అనే తగవు మాత్రం ఏటా తప్పదు. దయచేసి ఈసారి వద్దు. ఆయన కట్టినవి చూడండి, ఆయన కాలంలో జరిగినవీ చూడండి. మైసూరుతో జరిగిన యుద్ధంలో రెండు వైపులా మనుషుల ముక్కులు కోసి మూటలు కట్టారు. తమిళులు దాన్ని "మూక్కరుప్పు పోర్" అనే పిలుస్తారు. ఆ మహల్ ఇటుకల కోసం మట్టి తవ్వినవాళ్ళ పేర్లు ఏ స్తంభం మీదా లేవు. అయితే ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది భవనం కాదు, పంచాంగంలో చేసిన మార్పు. మాసి నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్ని చిత్తిరకి తెచ్చి, అళగర్ వైగైలో దిగే పండగతో కలిపింది ఆయనే అని మదురైవాళ్ళు చెబుతారు. శైవుల పండగ, వైష్ణవుల పండగ ఒకటయ్యాయి. ఊళ్ళవాళ్ళూ పట్నంవాళ్ళూ ఏటి ఒడ్డున కలిశారు. ఇవాళ లక్షల మంది వస్తారు. అది తెలుగువాడి పండగ అని ఎవరూ అనుకోరు, అనుకోవాల్సిన పనీ లేదు. మనల్ని "వందేరి" అని ఎవరైనా అంటే నేను గొడవ పడను. చిత్తిర పండగకి రమ్మంటాను.

మహల్ బయట సందులో పది స్తంభాలు పైకప్పు లేకుండా బట్టల కొట్ల మధ్య నిలబడి ఉన్నాయి. పత్తుత్తూణ్ సందు అంటారు. ఒకప్పుడు మహల్‌లో భాగం. ఆ చుట్టుపక్కలంతా సౌరాష్ట్రులు, పట్టు నేతగాళ్ళు. ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే మావాళ్ళిద్దరూ ఆగిపోయారు. భాష తెలియదు, కానీ మధ్యలో తెలుగు మాటలు వినపడుతున్నాయి. గుజరాతు వైపు నుంచి విజయనగరం మీదుగా ఇక్కడికి చేరినవాళ్ళ నోట్లో మన మాటలు మిగిలిపోయాయి. మన పిల్లల నోట్లో ఎన్ని మిగులుతాయో.

మెస్‌లో భోంచేసి, బస్సెక్కి తముక్కం వెళ్ళాం. రాణి మంగమ్మ భవనం అది. 1959 నుంచి గాంధీ మ్యూజియం. ఆయన మీద తూటాలు తగిలిన రోజు కట్టుకున్న ధోవతి అందులో ఉంది. గాంధీగారు చొక్కా, టోపీ వదిలి కొల్లాయి గట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1921 సెప్టెంబరు 22న, పశ్చిమ మాసి వీధిలో. మంగమ్మ 1689 నుంచి 1706 దాకా పసివాడైన మనవడి పేరు మీద రాజ్యం ఏలింది. ఆమె వేయించిన బాటలు, చెట్లు, సత్రాలు జనం ఇంకా చెప్పుకుంటారు. రైల్వేస్టేషన్ ఎదుట మంగమ్మ సత్రం మీరంతా చూసే ఉంటారు. ఆ పసివాడు పెరిగి విజయరంగ చొక్కనాథుడయ్యాడు. శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం తెలుగు వచనంలో రాశాడు. ఆయన కొలువులో సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతం వచనంగా రాశాడు.

మ్యూజియం బయట చెట్టు కింద కూర్చుని అనంతపురంవాడు ఇదంతా చెబుతున్నాడు. "వచనం అంటే ఏంది గొప్ప?" అన్నాను. వాడు తల పట్టుకున్నాడు. తెలుగులో అప్పటిదాకా పెద్ద పుస్తకం అంటే పద్యమే ఎక్కువ. మామూలు మాటలా సాగే వాక్యాన్ని పుస్తకంలోకి ఎక్కించి, దానికి రాజసభలో పీట వేసిన చోట్లలో మదురై ముఖ్యమైనదట. ఇంకా ముందే, 1600 ప్రాంతంలో, "రాయవాచకం" అనే పుస్తకం మదురై నాయకుల కోసం పుట్టింది. కృష్ణదేవరాయల కొలువు, అప్పాజీ ఎత్తులు, వేగులవాళ్ళు తెచ్చిన కబుర్లు, అన్నీ అందులో ఉన్నాయి. రాయలు పోయిన డెబ్భై ఏళ్ళకి ఇక్కడ కూర్చుని ఆయన కథ తెలుగులో చెప్పించుకున్నారు. తర్వాత 1993లో ఫిలిప్ వాగనర్ అనే అమెరికా పండితుడు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇటలీ నుంచి వచ్చిన పాదిరి రాబర్ట్ డి నోబిలి 1606లో మదురై చేరి తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. ఈ ఊళ్ళో అప్పుడు దర్బారు భాష అది మరి.

వాడి సంచిలో రాయవాచకం ఉంది, లైబ్రరీ పుస్తకం. తీసి నా చేతికిచ్చి, "చదువు, మీ మదురై పుస్తకమే" అన్నాడు. పట్టుకున్నాను. గుండ్రటి అక్షరాలు. ఎటు నుంచి మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. పొద్దుటి నుంచి వాళ్ళకి బస్సులు చదివి పెట్టినవాణ్ణి, తెలుగువాణ్ణి, ఎం.ఎస్సీ. చదువుతున్నవాణ్ణి. "నాకు రాదు" అన్నాను. గుంటూరువాడు ఈసారి నవ్వలేదు.

అనంతపురంవాడు పుస్తకం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. వింటుంటే చాలా వరకు అర్థమైంది. అదే నన్ను ఎక్కువ దెబ్బ తీసింది. కొన్ని మాటల దగ్గర గుంటూరువాడు ఆగి అర్థం అడిగితే, నేను చెప్పాను. మా అవ్వ వాడే మాటలు. నాలుగు వందల ఏళ్ళ పుస్తకం చెవికి అందుతోంది, కంటికి అందడం లేదు. కి. రాజనారాయణన్ గారు మన కథని తమిళంలో రాయడం తప్పని నేను అనను. ఆ రోజు నాకు కథ చెప్పాలని ఉంటే నేను మాత్రం ఏ అక్షరాలతో రాసేవాణ్ణి?

సాయంత్రం జిగర్‌తండా తాగి మారియమ్మన్ తెప్పకుళానికి వెళ్ళాం. మహల్ ఇటుకలకి మట్టి తవ్విన గుంతే ఆ చెరువైందని, తవ్వేటప్పుడు దొరికిన పిళ్ళైయారే గుడిలోని ముక్కురుణి వినాయకుడని చెబుతారు. అప్పుడు నీళ్ళు లేవు. మధ్య మండపం చుట్టూ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మెట్ల మీద కూర్చున్నాం. గుంటూరువాడు ఉన్నట్టుండి, "మీ ఇంటిపేరేమిట్రా?" అన్నాడు. మనకి బడి రిజిస్టర్లో తండ్రి పేరు మొదటి అక్షరమే కదా, ఇంటిపేరు పెళ్ళి సంబంధం చూసేటప్పుడే బయటికొస్తుంది. చెప్పాను. "గ నా, ఘ నా? ల్ల నా, ళ్ళ నా?" అని రెండుసార్లు పలికించి, మహల్ టికెట్ వెనక రాసిచ్చాడు. దాన్ని అక్షరాల్లో చూడటం నాకు అదే మొదలు. తమిళంలో రాస్తే క, గ ఒకటే.

పొంగల్ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ టికెట్ అవ్వకి చూపించాను. ఆమెకి తమిళమూ చదవడం రాదు, తెలుగూ రాదు. వాకిట్లో వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"దీంట్లో మన పేరు యాడుండాది రా?" అంది.

"అంతా మన పేరే అవ్వా" అన్నాను.

వేలితో ఒక్కొక్క అక్షరం మీదా రాసింది. తర్వాత దాన్ని తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది. నేను పెద్దబాలశిక్ష కొనుక్కున్నది మాత్రం నలభై దాటాకే.