విమానము చిక్కినను రహస్యము చిక్కరాదు

1959 ఏప్రిల్ 10వ తేదీన భారత వాయుసేనకు చెందిన కాన్‌బెర్రా విమానమొకటి రావల్పిండి ప్రాంతమున పాకిస్థాన్ సేబర్ విమానముచే కూల్చబడినది. సేన్‌గుప్తా, రాంపాల్ అను వైమానికు లిరువురును ప్రాణములతో బయటపడి బందీలైరి. ఆనాటి నిఘా విమానమున ముఖ్యవస్తువు ఛాయాగ్రహణ యంత్రము. అది చిక్కినచో ఏమి చిత్రింపబడినదో తెలియును; అంతకు మించి శత్రువునకు దక్కునది స్వల్పము.

గూఢసంకేత యంత్రముల సంగతి వేరు. ఒక్కటి పరహస్తగతమైనచో అదే సంకేతమును వాడు నౌకల మాటలును, సేనాస్థావరముల మాటలును బయలగు నపాయము కలదు. 2001 ఏప్రిల్ 1న దక్షిణ చైనా సముద్రముపై అమెరికా ఇ.పి.-3 విమానము చైనా యుద్ధవిమానముతో ఢీకొని, హైనాన్ ద్వీపమున దిగవలసివచ్చెను. లోపలి 24 మందిలో పలువురు గొడ్డలితో యంత్రములను పగులగొట్టిరి, కాగితములను చింపిరి, వేడి కాఫీని సైతము యంత్రములపై గ్రుమ్మరించిరి. అంత గొప్ప విద్యకు తుది కవచము కాఫీపాత్ర యగుట విచిత్రమే! అయినను సర్వమును నాశనము చేయజాలకపోయిరి.

అట్టి యంత్రములను ప్రత్యేకమగు ఒడంబడిక లేనిదే అమెరికా మిత్రులకును ఇయ్యదు. 2009లో భారత నౌకాదళమునకై 8 పి-8ఐ విమానములు కొనబడినప్పుడు ఈ చిక్కు ఎదురయ్యెను. పరుల యంత్రము అమర్చినచో మన నౌకల జాడ పరులకు తెలియునని, వారు తనిఖీకి వత్తురని ఢిల్లీలో శంక. అది నిర్హేతుకము కాదు. కనుక 2013 మే నెలలో మొదటి విమానము ఆంధ్రదేశపు పొలిమేరకు చేరువనున్న అరక్కోణమునకు వచ్చినప్పుడు దానిలో అమెరికా గూఢసంకేత పరికరములు లేవు. సంభాషణ రహస్యమును కాపాడు సాధనమును హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సమకూర్చినది. 1967లో ఆ సంస్థను నెలకొల్పినవారు పశ్చిమగోదావరి జిల్లా మొగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు.

తుదకు 2018 సెప్టెంబరు 6న ఢిల్లీలో కామ్‌కాసా ఒడంబడిక కుదిరినది. నాటి రక్షణమంత్రిణి తెలుగువారి కోడలైన నిర్మలా సీతారామన్. భారత సమ్మతి లేనిదే సమాచారమును ఇతరులకు వెల్లడింపరాదను హామీ లభించినదని అధికారవర్గములు తెలిపినవి. ఒడంబడిక గడువు 10 సంవత్సరములు.