చైనా న్యాయభాషలో అస్పష్టత, సందిగ్ధత: ఒక చారిత్రక పరిశీలన

అస్పష్టత, సందిగ్ధత అనే పదాలను న్యాయభాషా చర్చల్లో పర్యాయపదాలుగా వాడడం పరిపాటి. నిజానికి అవి రెండూ ఒకటి కావు. ఒక మాటకు హద్దు ఎక్కడో తెలియకపోవడం అస్పష్టత. ఒకే మాటకు రెండు నిర్దిష్టార్థాలు పొసగడం సందిగ్ధత. ఆలంకారికులు సందిగ్ధాన్ని దోషాల్లో చేర్చారు గాని, శాసనభాషలో దాని ప్రవర్తన వేరు. చైనా న్యాయచరిత్రలో సందిగ్ధత వాదానికి చోటిచ్చింది. అస్పష్టత మాత్రం ఎక్కువగా అధికారికే బలాన్నిచ్చింది. ఈ భేదాన్ని కొన్ని సందర్భాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీ.శ. 653లో వ్యాఖ్యానసహితంగా వెలువడిన తాంగ్ శిక్షాస్మృతిలో 12 భాగాలు, 502 సూత్రాలు ఉన్నాయి. దాని నిర్దిష్టత ఆశ్చర్యం కలిగిస్తుంది. దొంగసొత్తు విలువను పట్టుబట్ట కొలతల్లో లెక్కగట్టారు. తీర్పు చెప్పే అధికారి శాసనపాఠాన్ని పూర్తిగా ఉదాహరించాలి. ఉదాహరించకపోతే అతనికే 30 బెత్తం దెబ్బలు. ఇంత కట్టుదిట్టమైన స్మృతిలోనే ‘బు యింగ్ ద వెయ్’, అంటే ‘చేయరానిది చేయుట’, అనే నేరం కూడా ఉంది. చేయరానిదేదో ఆ సూత్రం చెప్పదు. స్వల్పమైనదైతే 40 బెత్తం దెబ్బలు, తీవ్రమైనదైతే 80 దుడ్డుకర్ర దెబ్బలు అని మాత్రమే అంటుంది. చిన్న తప్పులన్నిటినీ సూత్రాల్లో ఇమడ్చడం అసాధ్యమని వ్యాఖ్యాతలు దాపరికం లేకుండానే ఒప్పుకున్నారు. ఇక్కడ నేరం అస్పష్టం, శిక్ష స్పష్టం. అధికారి ఎంత దూరం వెళ్ళినా 80 దెబ్బలు దాటలేడు. తరువాతి రాజవంశాలు ఈ సూత్రాన్ని చింగ్ కాలం దాకా నిలుపుకోవడానికి ఈ పరిమితి కూడా ఒక కారణం కావచ్చు.

సందిగ్ధతకు ప్రసిద్ధమైన ఉదాహరణ సాంగ్ కాలపు ఆయున్ వ్యాజ్యం. దెంగ్‌జౌ ప్రాంతపు యువతి ఆయున్‌కు, తల్లి మృతికి సంతాపం పాటించవలసిన కాలంలోనే, ఒక పురుషునితో పెండ్లి కుదిర్చారు. అతడంటే ఆమెకు గిట్టలేదు. పొలంలో నిద్రిస్తున్న అతనిపై రాత్రివేళ కత్తితో దాడి చేసింది. అతడు చావలేదు గాని, వేలు ఒకటి తెగింది. అధికారులు ప్రశ్నించగానే ఆమె నేరం ఒప్పుకుంది. సంతాపకాలంలో కుదిరిన సంబంధం చెల్లదు గనుక ఆమెను భార్యగా పరిగణించలేదు. అయినా హత్యకు పన్నాగం పన్ని గాయపరిస్తే గొంతు బిగించి చంపాలన్నది శాసనం.

చిక్కంతా ‘సువొయిన్’ అనే మాట దగ్గర వచ్చింది. వేరొక నేరం కారణంగా చంపడమో గాయపరచడమో జరిగి, నేరస్థులు తామే ఒప్పుకుంటే, ‘కారణమైన నేరం’ మాఫీ అవుతుంది. గాయం వరకే శిక్ష మిగులుతుంది. మరి పన్నాగం అలాంటి ‘కారణమైన నేరం’ అవుతుందా? అవుతుందని స్థానిక పాలకుడు షూ జున్ వాదించాడు. రాజధాని న్యాయాధికారులు కాదన్నారు. చక్రవర్తి షెన్‌జాంగ్ ఆమెకు మరణశిక్ష తప్పించినా, సూత్రార్థం తేలలేదు. 1068లో ఆ ప్రశ్న సిమా గువాంగ్, వాంగ్ అన్షిల ముందుకు వచ్చింది. దొంగతనానికి వెళ్ళి గాయపరిస్తే దొంగతనం వేరు, గాయం వేరు. పన్నాగాన్ని హత్య నుండి విడదీయడం కుదరదని సిమా గువాంగ్ అన్నాడు. పన్నాగానికి మాత్రమే మూడేళ్ళ శిక్షను శాసనం విడిగా నిర్ణయించింది గనుక అది వేరే నేరమేనని వాంగ్ అన్షి వాదించాడు. చక్రవర్తి వాంగ్ పక్షం వహించినా వివాదం మరుసటి ఏడాదికీ కొనసాగింది. సిమా గువాంగ్ పఠనం భాషాపరంగా సహజంగా కనిపిస్తుంది; వాంగ్ పఠనానికి శాసననిర్మాణం తోడ్పడుతుంది. వారి రాజకీయ వైరం ఎలా ఉన్నా, ఇద్దరూ పాఠాన్ని ఆధారం చేసుకునే వాదించారు. ‘చేయరానిది’ అనే మాటపై ఇటువంటి వాదం సాధ్యం కాదు. అక్కడ పట్టుకోవడానికి పాఠమే లేదు.

ఆధునిక చైనా ఈ అస్పష్టతను పూర్తిగా వదలలేదు. 1979 నాటి శిక్షాచట్టం 79వ అధికరణం, చట్టంలో లేని నేరానికి సామ్యం గల సూత్రాన్ని అన్వయించడానికి సుప్రీం న్యాయస్థానం ఆమోదంతో వీలు కల్పించింది. 160వ అధికరణంలోని పోకిరితనం అనే నేరం ‘ఇతర పోకిరి చేష్టలు’ అనే మాటతో తెరుచుకునే ఉండేది. 1983 సెప్టెంబరులో చేసిన నిర్ణయంతో దానికి మరణశిక్ష దాకా విధించే అవకాశం వచ్చింది. తాంగ్ స్మృతి అస్పష్టమైన నేరానికి పెట్టిన 80 దెబ్బల హద్దు ఇక్కడ లేదు. 1997 సవరణ సామ్యపద్ధతిని తొలగించి, పోకిరితనాన్ని కొన్ని నేరాలుగా విడగొట్టింది. వాటిలో 293వ అధికరణం కయ్యానికి కాలుదువ్వి అలజడి రేపడానికి సంబంధించింది. ఏదైనా పట్టే సంచిగా దీన్ని భావించి, చైనా న్యాయవేత్తలు ‘జేబు నేరం’ అంటారు. 2013 జూలైలో వెలువడిన న్యాయవ్యాఖ్య దౌర్జన్యంగా గుంజుకున్న సొత్తుకు 1,000 యువాన్లు, ధ్వంసం చేసినదానికి 2,000 యువాన్లు అని కొలతలు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన మరో వ్యాఖ్య ఆ నేరాన్ని అంతర్జాలంలో వదంతులు వ్యాపింపజేయడానికి విస్తరించింది. ఒక చేత్తో బిగించిన ముడిని మరో చేత్తో వదులు చేసినట్లయింది.

సందిగ్ధత పౌరుని పక్షాన నిలిచిన సందర్భమూ ఉంది. చైనీయంలో ‘దంగ్’ అనే మాట జాబితా చివర వస్తుంది. తెలుగులోని ‘మొదలైన’ వలె అది జాబితాను తెరిచి ఉంచగలదు. ‘అనే ఈ మూడు’ అన్నట్లుగా మూసివేయనూగలదు. 1996 నాటి పాలనాశిక్షల చట్టం 42వ అధికరణం ఉత్పత్తి నిలిపివేత, అనుమతిపత్రం రద్దు, పెద్ద మొత్తంలో జరిమానా అని చెప్పి ‘దంగ్’ చేర్చి, అటువంటి శిక్షలకు ముందు విచారణ కోరే హక్కునిచ్చింది. జప్తు మాట అందులో లేదు. సిచువాన్‌లోని జిన్‌తాంగ్‌లో అనుమతి లేకుండా నడిచిన ఇంటర్నెట్ కేంద్రం నుండి 32 కంప్యూటర్లను అధికారులు విచారణ లేకుండా జప్తు చేశారు. ‘దంగ్’ జాబితాను మూసివేయదని, భారీ జప్తుకూ విచారణ తప్పదని న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. 2012లో సుప్రీం న్యాయస్థానం దీన్ని 6వ మార్గదర్శక తీర్పుగా ప్రకటించింది. 2021లో సవరించిన చట్టం 63వ అధికరణం జప్తును పేరుపెట్టి చేర్చింది. ఎంత విలువైతే ‘పెద్దది’ అవుతుందో మాత్రం చెప్పలేదు. ఆ జాబితా చివర ‘ఇతర తీవ్రమైన శిక్షలు’, ‘ఇతర సందర్భాలు’ అనే రెండు అంశాలను చేర్చింది.